జెల్లీ చేపలు – మానవునికి మేలా, కీడా?

సముద్రపుటొడ్డున నడిచేవారికి అలలు విసరివేసిన పారదర్శకమైన ముద్దలు అప్పుడప్పుడు కనిపిస్తూ ఉంటాయి. వాటిని మనం జెల్లీ చేపలని పిలుస్తున్నాము. పేరులో చేప ఉన్నదే గాని ఇవి చేపలు కావు. వీటికి ఎముకలు లేవు, గుండె లేదు, మెదడు లేదు. శరీరంలో నూటికి 95 పాళ్లు నీరే. అయినను 50 కోట్ల సంవత్సరాలుగా ఈ జాతి సముద్రాలలో వర్ధిల్లుతూనే ఉన్నది.

గొడుగువంటి దేహం నుండి వ్రేలాడే స్పర్శకాలే దీని ఆయుధాలు. వాటినిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణంలో చుట్టలు చుట్టుకొనిన సన్నని గొట్టం ఉంటుంది. దేనికైనా తగిలిన తక్షణమే అది బాణంవలె వెలువడి విషాన్ని చొప్పిస్తుంది. ఒడ్డునపడి చచ్చిన జెల్లీ చేపను ముట్టుకున్నను ఈ కణాలు పని చేస్తాయి. కనుక చచ్చినదే కదా అని చేతబట్టుట వివేకం కాదు.

చాలా జాతుల కాటు మంటతోను, దద్దుతోను పోతుంది. కాని ఉత్తర ఆస్ట్రేలియా తీరపు పెట్టె జెల్లీ చేప నిమిషాలలో ప్రాణం తీయగలదు. కాటు తగిలినవారు వెంటనే నీటినుండి బయటికి రావలెను. ఆ చోటును రుద్దరాదు, మంచినీటితో కడుగరాదు. మంచినీరు తగిలితే మిగిలిన దంశకణాలు కూడ పేలవచ్చును. సముద్రపు నీటితోనే కడిగి, స్పర్శకాలను పట్టుకారుతో తీసివేసి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి శమిస్తుంది. ఊపిరి ఆడకపోయినా, గుండె దడ కలిగినా ఆసుపత్రికి చేర్చుటలో జాగు పనికిరాదు.

ఈ విషమే వైద్యశాస్త్రానికి ఒక గొప్ప సత్యాన్ని తెలిపినది. 1901లో మొనాకో ప్రభువు ఆల్బర్ట్ నౌకలో ప్రయాణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారు జెల్లీ చేపకు దగ్గరి బంధువైన ఫైసేలియా విషాన్ని పరిశోధించారు. తిరిగివచ్చి సముద్రపు ఎనిమోన్ విషంతో ఆ పనిని కొనసాగించారు. మొదట కొద్దిపాటి విషం ఎక్కించిన కుక్కకు టీకా వేసినట్లు రక్షణ కలుగవలెనని వారి ఊహ. జరిగినది విపరీతం. కొన్ని వారాల తరువాత ఇచ్చిన స్వల్పమైన మోతాదుకే ఆ కుక్క మరణించినది. ఈ స్థితికి వారు 1902లో ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. పెన్సిలిన్ సూది వలన, కందిరీగ కాటు వలన కొందరు హఠాత్తుగా కుప్పకూలుటకు కారణం ఇదే. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించినది.

మనుష్యుని దేహానికేగాక అతని జీవనోపాధికి కూడ ఇవి హాని చేయగలవు. 2009లో జపాను తీరాన రాకాసి జెల్లీ చేపలతో నిండిన వలను పైకి లాగబోయి ఒక చేపల పడవయే తలక్రిందులైనది. సముద్రజలం తోడుకొను విద్యుత్కేంద్రాల జల్లెడలను ఇవి మూసివేస్తాయి. 2013లో స్వీడనులోని ఆస్కర్షామ్, 2025లో ఫ్రాన్సులోని గ్రావెలీన్ అణుకేంద్రాలలో రియాక్టర్లు ఆగినవి. మన కల్పాక్కంలోను ఈ బెడద తెలిసినదే.

అయితే వలకు బరువైన ఈ ప్రాణినే చైనావారు వెయ్యేండ్లకు పైగా ఆరగిస్తున్నారు. ఉప్పు, పటిక కలిపి నీరు పిండివేస్తే అది నిలువ ఉంటుంది. ఆంధ్ర తీరంలో కూడ ఋతువు వచ్చినప్పుడు బెస్తలు వీటిని పట్టి ఎగుమతికి ఇస్తున్నారు. తినేవారు మనం కాకపోయినను, ఆదాయం మనవారిదే. సముద్రపు తాబేళ్లలో అతిపెద్దదైన తోలువీపు తాబేలుకు ముఖ్యాహారం జెల్లీ చేపలే. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచిని జెల్లీ చేపయని భ్రమించి మ్రింగుట వలన ఎన్నో తాబేళ్లు చచ్చుచున్నవి.

ఇక వెలుగు సంగతి. అమెరికా పడమటి తీరపు ఏక్వోరియా అను జెల్లీ చేప పచ్చని కాంతి వెలార్చుతుంది. దాని రహస్యం కనుగొనుటకు జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము షిమొమురా 1961 వేసవిలో ఫ్రైడే హార్బర్‌లో దాదాపు 10,000 జెల్లీ చేపలను సేకరించాడు. ఒకనాడు పనికిరాదని తొట్టిలో పారబోసిన రసం ఒక్కసారిగా మిరుమిట్లు గొలిపినది. తొట్టిలోని సముద్రపు నీటిలో ఉన్న కాల్షియమే దానికి కారణమని అతడు గ్రహించాడు. ఆ పరిశోధనలోనే ఆకుపచ్చగా మెరిసే మరొక ప్రోటీన్ బయటపడినది. 1994లో మార్టిన్ ఛాల్ఫీ దాని జన్యువును సూక్ష్మజీవులలోను, పురుగులలోను ప్రవేశపెట్టి వెలిగించి చూపాడు. రోజర్ చెన్ దానికి ఇతర రంగులు కల్పించాడు. 2008లో ఈ మువ్వురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. క్యాన్సర్ కణం దేహంలో ఎటు వ్యాపించుచున్నదో, మెదడులో నాడీకణాలు ఎట్లు అల్లుకొనుచున్నవో ప్రయోగశాలలో కంటితో చూడగలుగుచున్నారంటే అందుకు తోడ్పడుచున్న దీపాలలో ఇది ముఖ్యమైనది.