నిద్ర అంచున మెరిసే ఆలోచన

శాతవాహనుల కాలంలో ధాన్యకటకంగా పేరొందిన నేటి పల్నాడు జిల్లా ధరణికోటలోనూ, దాని చెంతనే ఉన్న అమరావతి మహాస్తూపం వద్దా వర్ధిల్లిన బౌద్ధంలో నిద్రమత్తుకు గౌరవస్థానం లేదు. సాధకుని మనసుకు అడ్డుపడే ఐదు నీవరణాలలో, అంటే ఐదు ఆటంకాలలో, మనసునూ ఒంటినీ ఆవరించే మాంద్యాన్ని ఒకటిగా లెక్కించి, దానికి థీనమిద్ధమని పేరు పెట్టారు. ధ్యానంలో కునికిపాట్లు పడుతున్న శిష్యుడు మొగ్గల్లానునికి బుద్ధుడు కళ్లు కడుక్కోమని, చుక్కలవైపు చూడమని, పచార్లు చేయమని వరుసగా ఉపాయాలు చెప్పి, అవేవీ ఫలించకపోతే లేవాలన్న తలంపుతో పడుకోమన్నాడని పాలీ సుత్తం చెబుతుంది. అయినా అమరావతి శిల్పులు పాలరాతిని పోలిన సున్నపురాయిపై మలిచిన బుద్ధుని జన్మవృత్తాంతం నిద్రతోనే ఆరంభమవుతుంది: మాయాదేవికి తెల్లని ఏనుగు కలలో కనిపిస్తుంది, ఆ కలకు అర్థాన్ని శుద్ధోదనుని కొలువులో పండితులు విప్పి చెబుతారు. నిద్రలో దృశ్యం తోచడం, మెలకువలో దానికి అర్థం కుదరడం అనే ఈ క్రమం, సృజనాత్మకతపై నేటి ప్రయోగాలు చూపుతున్న క్రమానికి చాలా దగ్గరగా ఉంది.

మెలకువ నుంచి నిద్రలోకి జారేటప్పుడు మనిషి మొదట ప్రవేశించే దశను శాస్త్రజ్ఞులు ఎన్1 అంటారు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నవారి మెదడులో సెకనుకు 8 నుంచి 13 సార్లు కదలాడే ఆల్ఫా తరంగాలు ఈ దశలో సన్నగిల్లి, వాటి స్థానంలో ఇంకా నెమ్మదైన థీటా తరంగాలు కనిపిస్తాయి. కండరాలు వదులవుతాయి, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ కదులుతాయి. కొద్ది నిమిషాలే ఉండే ఈ మగతలో ఆలోచనలపై అదుపు సడలడం వల్ల, పొంతన లేని జ్ఞాపకాలు ఒకదాని పక్కన మరొకటి చేరి రూపాలుగా, మాటలుగా తోస్తాయి. పూర్తి నిద్రలో వచ్చే కలలకు భిన్నంగా, ఇక్కడ బయటి ప్రపంచపు స్పృహ కొంత మిగిలే ఉంటుంది కనుక, తోచినదాన్ని గుర్తించి పట్టుకునే అవకాశమూ ఉంటుంది.

ఈ స్థితి విలువ తెలుగు కవులకు కొత్త కాదు. అల్లసాని పెద్దన పేరిట ప్రచారంలో ఉన్న ప్రసిద్ధ చాటుపద్యం కావ్యరచనకు కావలసిన వసతులను ఏకరువు పెడుతూ, ఏకాంత స్థలం, కప్పురపు విడెం, మనసుకు నచ్చిన భోజనంతో పాటు ఉయ్యాల మంచాన్ని కూడా కోరుతుంది. విలాసంగా కనిపించే ఈ కోరికకు శారీరక కారణం లేకపోలేదు: 2011లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మంది పురుషులను మధ్యాహ్నం 45 నిమిషాలపాటు, ఒకసారి నిశ్చలమైన మంచంపై, మరొకసారి నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున ఊగే మంచంపై పడుకోబెట్టి చూడగా, ఊగే మంచంపై వారు మెలకువ నుంచి నిద్రలోకి త్వరగా జారుకున్నారు.

అయితే త్వరగా కునుకు పట్టడం వేరు, ఆ కునుకు వల్ల మంచి ఆలోచన రావడం వేరు. ఈ రెండో విషయాన్ని పరీక్షించిన పారిస్ పరిశోధకులు 2021లో ప్రకటించిన అధ్యయనంలో 103 మందికి కొన్ని అంకెల సమస్యలను ఇచ్చి, వాటిని క్షణాల్లో తేల్చగల ఒక అడ్డదారి వాటిలోనే దాగి ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ దారిని ఇంకా కనిపెట్టని వారిని 20 నిమిషాలు చీకటి గదిలో, చేతిలో ఒక వస్తువును పట్టుకుని, వెనక్కి వాలే కుర్చీలో విశ్రమించమన్నారు. గాఢంగా నిద్రపడితే పట్టు సడలి వస్తువు జారిపడుతుంది, ఆ చప్పుడుకు మెలకువ వస్తుంది. థామస్ ఎడిసన్ లోహపు గుండ్లతోనూ, చిత్రకారుడు సాల్వడార్ డాలీ తాళంచెవితోనూ ఇదే ఉపాయాన్ని వాడినట్లు చెబుతారు. ఎన్1 దశలో కనీసం 15 సెకన్లు గడిపినవారిలో 83 శాతం మంది అడ్డదారిని కనుగొనగా, మెలకువగా ఉండిపోయినవారిలో 30 శాతం మంది, ఇంకా లోతైన ఎన్2 దశకు చేరినవారిలో 14 శాతం మంది మాత్రమే కనుగొన్నారు. పైగా ఆ మెరుపు లేచిన మరుక్షణమే రాలేదు. మళ్లీ సమస్యల ముందు కూర్చుని చాలాసార్లు ప్రయత్నించిన తరువాతనే వచ్చింది.

కునుకుకు ముందు మనసులో ఏముందన్నది కూడా ముఖ్యమేనని అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2023లో చూపారు. చేతికి తొడిగిన పరికరం నిద్ర ఆరంభాన్ని పసిగట్టి, చెట్టు గురించి తలచుకోమని వినిపించినవారు, అదే అంశంపై తరువాత పెట్టిన సృజన పరీక్షల్లో, ఏ సూచనా లేకుండా కునుకు తీసినవారికంటే 43 శాతం మెరుగ్గా రాణించారు. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశీ ఉపవాసం ఉన్న శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి కావ్యం రచించమన్నాడన్న ఆముక్తమాల్యద అవతారికను ఈ వెలుగులో చదవవచ్చు. స్వప్నవృత్తాంతం కావ్యావతారికల్లో ఒక సంప్రదాయం కనుక దాన్ని ప్రయోగఫలితంగా తీసుకోలేము గానీ, భక్తితో నిండిన మనసుకే అలాంటి కల వస్తుందన్న నమ్మకం అందులో ఉంది.

నిద్రమత్తు మేలు చేస్తుందంటే నిద్ర మానుకోమని అర్థం కాదు. ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర లేకపోయినా, ఒకే ప్రశ్నకు పలు కొత్త జవాబులు వెతికే శక్తి దెబ్బతింటుందని బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ హార్న్ 1988లోనే నిరూపించాడు. చక్రం పట్టుకున్న డ్రైవరుకు కళ్లు మూతపడడం ప్రాణాంతకం. ప్రయోజనం ఉన్నది తగినంత నిద్రపోయిన మనిషి, తాను కొంతకాలంగా మథనపడుతున్న సమస్యతోనే కాసేపు వాలి, పూర్తి నిద్రలో మునగకముందే తేరుకుని, తోచినదాన్ని వెంటనే కాగితంపై పెట్టుకోవడంలో.

ఆ తరువాతి భాగం మెలకువదే. తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుని ఆదేశాన్ని తెలిపాడని తిక్కన విరాటపర్వంలో చెప్పుకున్నాడు. కావ్యాన్ని ఎవరికి అంకితమివ్వాలో ఆ ఒక్క కల తేల్చింది గానీ, మహాభారతంలోని పదిహేను పర్వాలను తెలుగు చేసే పని మాత్రం కవి మేలుకుని చేయవలసి వచ్చింది.