హెచ్1బీ: అర్జీ ఎవరిది, ఖర్చు ఎవరిది?

విస్సన్నపేట తోటల్లో మామిడి పిందె మీద ఉండే మార్చి నెలలోనే అమెరికాలో హెచ్1బీ రిజిస్ట్రేషన్లు జరుగుతాయి. పిల్లల్ని ఎంఎస్‌కు పంపిన ఇళ్లలో ఆ నెలంతా రెండు బెంగలు: పిందె నిలుస్తుందా, లాటరీ తగులుతుందా. మొదటిదాని సంగతి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. రెండోదాని గురించి చెవినపడేవన్నీ సగం సగం మాటలే.

"మావాడు హెచ్1 వేశాడు" అంటాం గానీ, వేసేది మనవాడు కాదు, కంపెనీ. ఫలానా పనికి డిగ్రీ చదివిన మనిషి కావాలి, ఇంత జీతం ఇస్తామని అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునేది యజమానే. అసలు ఉద్యోగమే లేకపోతే అర్జీ కూడా లేదు.

1990 నాటి చట్టంతో వచ్చిన ఈ వీసాలకు ఏటా 65 వేల పరిమితి. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగమైతే ఈ లెక్క వర్తించదు. రిజిస్ట్రేషన్లు పరిమితిని మించితే లాటరీ తీస్తారు. 2023 మార్చిలో 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఒకే మనిషికి రెండు మూడు కంపెనీల చేత వేయించినవే అందులో 4 లక్షలు దాటాయి. ఆ తెలివి 2024 నుంచి చెల్లలేదు. ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టును బట్టి మనిషిని ఒక్కసారే లెక్కిస్తారు. 2026 నుంచి జీతం స్థాయిని బట్టి అవకాశం మారుతోంది: నాలుగో స్థాయి జీతానికి నాలుగు చీటీలు, ఒకటో స్థాయికి ఒక్కటే. అప్పుడే చదువు ముగించుకున్న పిల్లలకు ఇది గట్టి దెబ్బ.

ఇక లక్ష డాలర్ల ఫీజు. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త అర్జీలకు దీన్ని పెట్టారు. అక్కడే చదువుకుంటూ స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని ఆ తర్వాత నెలలో స్పష్టం చేశారు.

లాటరీ తగిలితే కంపెనీ మొదట అక్కడి కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) ఆమోదం తెచ్చుకోవాలి. ఏ పని, ఏ ఊళ్లో, ఎంత జీతం అన్నవి అందులో ఉంటాయి. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం కంటే తగ్గడానికి వీల్లేదు. పనిలో చేరే రోజుకల్లా దాని నకలు ఉద్యోగి చేతికివ్వాలి. తర్వాత ఐ-129 అర్జీ. అది ఆమోదం పొందితే అక్టోబరు 1 నుంచి పనిలో చేరవచ్చు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకైతే మధ్యలో కాన్సులేట్‌లో స్టాంపింగ్ కూడా ఉంటుంది. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసేది ఎక్కువగా ఆ స్టాంపు కోసమే. నన్నడిగితే అసలు గండం అంతకుముందే ఉంది.

ఆ గండం పేరు కన్సల్టెన్సీ. అన్నీ అలాంటివని కాదు. కానీ "ఇన్ని లక్షలు కట్టండి, హెచ్1 వేస్తాం" అన్నవాడితో మాత్రం జాగ్రత్త. అర్జీతో కట్టే 1,500 డాలర్ల శిక్షణ ఫీజును (చిన్న కంపెనీకైతే 750) ఉద్యోగి చేత కట్టించడం నేరుగా చట్టవిరుద్ధం. అర్జీకయ్యే లాయరు ఖర్చు కూడా యజమానిదే. ప్రాజెక్టు దొరకలేదని బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడమూ కుదరదు. ఉద్యోగం పోయినవాళ్లకు సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది. ఆలోగా మరో కంపెనీ అర్జీ వేస్తే అక్కడే కొనసాగవచ్చు.

అర్జీ నిజంగా వేశారో లేదో విస్సన్నపేటలో కూర్చునే తెలుసుకోవచ్చు. వేసిన ప్రతి అర్జీకీ రసీదు నంబరు వస్తుంది: మూడు అక్షరాలు, పది అంకెలు. ఈ అర్జీలు చూసే అమెరికా వలస విభాగం యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తుంది. నంబరు అడిగితే "లాయరు దగ్గరుంది, తర్వాత ఇస్తాం" అని వారాల తరబడి దాటేస్తుంటే, తోట తాకట్టు కాగితాల మీద అప్పుడే సంతకం పెట్టకండి.