నిల్వయంత్రము ఎవరిని నమ్మవలెను?

అమీర్‌పేటలో మైత్రీవనము పరిసరములందు నిలిచి తలయెత్తి చూచినచో, గోడలనిండ కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటనలే కనబడును. శ్రీకాకుళము మొదలు అనంతపురము వరకుగల ఊళ్ళనుండి యువతీయువకులు వచ్చి, అక్కడను పంజగుట్ట ప్రాంతమునను హాస్టళ్ళలో నుండి, కొన్ని మాసములు చదువుకొని వెడలిపోవుదురు. వారి ఫైళ్ళు మాత్రము శిక్షణాలయపు మూలగదిలోని నిల్వయంత్రమున మిగిలిపోవును. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ యంత్రమును గూర్చియే.

గదులెన్ని యున్నను ఫైళ్ళన్నియు ఒక్కచోట నుంచుట సౌకర్యము. విద్యార్థి ఏ బల్లయొద్ద కూర్చున్నను తన సామగ్రి తనకు దొరకును. ఇట్టి ఏర్పాటులలో 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు రూపొందించిన ఎన్.ఎఫ్.ఎస్. ప్రసిద్ధమైనది. దాని పాత పద్ధతిలో నొక చిత్రము కలదు. నిల్వయంత్రము మనిషిని సంఖ్యతో గుర్తించును. "ఈతడు 1042వ వాడు" అని బల్లమీది కంప్యూటరు చెప్పగా అట్లే విశ్వసించును. పాస్‌వర్డు నడిగినది ఆ కంప్యూటరే గాని నిల్వయంత్రము గాదు. పెండ్లిపందిటిలో "నేను మగపెండ్లివారి తాలూకు" అన్నవానికెల్ల విస్తరి వేయుట వంటిదిది. సర్వాధికారి సంఖ్యయైన సున్నను మాత్రము సాధారణముగా నమ్మక, అనామకుని సంఖ్యగా మార్చును. మంచిదే. కాని తన కంప్యూటరుపై పూర్తి యధికారము గలవాడు 1042 అని చెప్పుకొన్నచో అది యడ్డుపడదు.

నాకు అంతకన్నను భయము గొలుపునది మరియొకటి. ఒక శిక్షణాలయమున నేను కన్నులార చూచినదే. చదువు ముగించి వెళ్ళిన యొక బాలిక ఖాతాను తొలగించిరి, ఫైళ్ళను తొలగింపలేదు. ఫైలు యజమానిగా నమోదై యుండునది సంఖ్యయే కదా! ఖాళీయైన ఆ సంఖ్య కొత్తగా చేరిన కుర్రవానికి వచ్చెను. చేరిన దినముననే ఆతడు ఆమె మార్కుల పత్రములకు, ఆధారు ప్రతికి, ఉద్యోగపు దరఖాస్తులకు యజమాని యయ్యెను. మర్యాదస్థుడు గనుక వచ్చి చెప్పెను. చెప్పనివారి సంగతి మనకు తెలియదు. కావున ఖాతాను మొదట మూయవలెను. ఆ సంఖ్యపైనున్న ఫైళ్ళన్నిటిని వెదకి సొంతదారుల కప్పగించి, పిమ్మటనే తుడువవలెను. ఆ సంఖ్యను మరల నెవరికిని ఇయ్యరాదు.

నమ్మకమునకు బదులు ఋజువు కోరు పద్ధతి కెర్బెరాసు. ఇది 1980 దశకమున అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాలయమున పుట్టినది. గ్రీకు పురాణములలో పాతాళద్వారమును కాచు మూడు తలల కుక్క పేరది. ఇందు వేరొక యంత్రము మనిషిని పరీక్షించి గడువుగల చీటీ నిచ్చును. నిల్వయంత్రమునకు చూపవలసినది ఆ చీటీయే. పాస్‌వర్డు తీగలవెంట ప్రయాణము చేయదు. అయితే గడియారములు అయిదు నిమిషములకు మించి తేడాగా నడచినచో సామాన్యముగా చీటీ చెల్లదు. లోనికి రానీయలేదని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను మొట్టమొదట చూచునది గడియారమునే. ఖాతాను మూసినను, ముందిచ్చిన చీటీ గడువు తీరువరకు చెల్లుచుండుటయు గలదు.

ఇక పోషణ. తలుపు గట్టిదైనను గోడకు పగులుండరాదు. విండోస్ యంత్రములు ఫైళ్ళు పంచుకొను పాత పద్ధతిలోని లోపమునకు మైక్రోసాఫ్ట్‌వారు 2017 మార్చిలోనే సవరణ విడుదల చేసిరి. దానిని వేసికొనని యంత్రములలో మే మాసమున వాన్నాక్రై ప్రవేశించి ఫైళ్ళకు తాళము వేసి సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడెను. అట్టి వేళ ఆదుకొనునది వేరుచోట దాచిన నకలొక్కటియే. ఆ నకలునుండి ఒక ఫైలునైన అప్పుడప్పుడు తిరిగి తీసి చూడవలెను.

ప్రతి బ్యాచి ముగియగనే హాజరుపట్టీని, ఖాతాల పట్టీని ప్రక్కప్రక్కన బెట్టి చూచుటకు అరగంట చాలును. నేను ఆ పనిని శనివారము సాయంకాలము, విద్యార్థులు వెళ్ళిన పిమ్మట చేయుదును.