రెండు మందులు కలిసినప్పుడు

మందు రోగాన్ని తగ్గిస్తుందని మనకు తెలుసు. ఒక మందు మరొక మందును విషంగా మార్చగలదని చాలామందికి తెలియదు.

మీ తాతగారు రక్తంలో కొలెస్టరాల్ తగ్గడానికి రోజూ రాత్రి సిమ్వాస్టాటిన్ మాత్ర వేసుకొంటున్నారనుకోండి. ఆ మందును కాలేయంలోని ఒక ఎంజైము ఎప్పటికప్పుడు విడగొట్టివేస్తుంది. అందుచేత అది ఒంట్లో పేరుకోదు. ఇంతలో ఆయనకు దగ్గు, జ్వరం వచ్చి ఎరిత్రోమైసిన్ గాని, క్లారిత్రోమైసిన్ గాని వాడవలసి వచ్చింది. ఇవి సూక్ష్మజీవులను అణచే యాంటీబయాటిక్ మందులు. ఎరిత్రోమైసిన్ 1952 నుంచి వాడుకలో ఉన్న మంచి మందే. కాని ఇవి ఆ ఎంజైమును పనిచేయనీయవు. చెరువు తూము మూసివేస్తే నీరు నిలిచినట్లు, సిమ్వాస్టాటిన్ రక్తంలో కొన్ని రెట్లు పెరిగిపోతుంది.

అప్పుడు దెబ్బ తగిలేది కండరాలకు. తొడలు, భుజాలు నొప్పిపుడతాయి. కూర్చున్నవారు లేవలేరు. చితికిన కండరాల నుంచి మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తు రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది. మూత్రం పాలు లేని టీ రంగులో వస్తుంది. మూత్రపిండాలు పనిచేయకపోతే ప్రాణానికే ముప్పు.

ఇది అరుదే. అయినా తేలికగా తీసుకోరాదు. ఇదే జాతికి చెందిన సెరివాస్టాటిన్ వల్ల కండరాలు చెడి కొందరు మరణించగా, 2001లో ఆ మందును అమ్మకం నుంచి తొలగించారు. వారిలో కొందరు మరొక కొవ్వు మందును కలిపి వాడినవారే.

డాక్టరుకు సంగతి తెలిస్తే ఉపాయం సులభం. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు సిమ్వాస్టాటిన్ ఆపిస్తారు, లేదా ఆ ఎంజైము జోలికి అంతగా పోని అజిత్రోమైసిన్ వంటిది రాస్తారు. తాతగారికి మందు పేరు గుర్తులేకపోతే పాత చీటీ చూపినా చాలు.