ఇంటిపేరు ఎవరింటిది?

"అమ్మా, మన ఇంటిపేరు మార్పించుకుందామా?"

జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఆదివారం సిరిసిల్లకు వచ్చి, భుజం మీది సంచి కింద పెట్టకముందే అడిగిన మాట ఇది. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు 'అవుసుల' అనగానే వెనక బెంచీల్లోంచి "మాకు ఉంగరం ఎప్పుడు చేసిస్తవ్?" అని ఒక్కటే నవ్వులట! నిజానికి వాళ్ల నాన్న కుంపటి ముందు కూర్చోక పదిహేనేళ్లయింది. ఇప్పుడాయన సాంచాలకు రిపేర్లు చేస్తారు. పేరేమో బంగారం, చేతులకేమో గ్రీజు!

ఇంకోసారైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్నేమో. కానీ అదే వారం కోరుట్లలో మా అవ్వకు ఇంటిపేరు పెట్టిన తిప్పలు కళ్లారా చూసి వచ్చాను.

ఒక్క మనిషి... మూడు పేర్లు

అవ్వ ముప్ఫై ఏళ్లకు పైగా బీడీలు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి మమ్మల్ని పెంచింది. చేతకాక పని మానేశాక పీఎఫ్ డబ్బుల కోసం వెళితే కాగితాలు అడ్డం తిరిగాయి. పీఎఫ్ కార్డులో ఆమె ఇంటిపేరు 'వడ్ల'. ఆధార్‌లో 'కట్టోజు'. బ్యాంకు పాసుబుక్కులో అసలు ఇంటిపేరే లేదు! "ముగ్గురూ ఒక్కరేనని ఏం నమ్మకం?" అన్నారు కౌంటరులో. రెండుసార్లు తిరిగాం. బస్సు చార్జీలు మిగల్లేదు, పని కాలేదు.

తిరుగు బస్సులో అవ్వ అన్న మాట నేను మరిచిపోలేను.

"బీడీలన్నీ నేను చుట్టినయే. వేళ్లరిగింది నాయే. పేరు మాత్రం నాది గాదంటున్నరు బిడ్డా!"

ఊర్లో ఒక్కరే ఉంటే...

"మరి 'వడ్ల' అని ఎవరు రాయించిన్రే అవ్వా?" అని అడిగాను.

"ఎవలు రాయిస్తరు? ఊర్లె వడ్లోల్లం మనమొక్కళ్లమే గదా. అందరు అట్లనే పిలిచిరి. సారు అట్లనే రాసుకున్నడు. మనింట్ల మనం కట్టోజు వాళ్లమే."

ఆలోచిస్తే అసలు కిటుకంతా ఆ 'ఒక్కళ్లమే'లోనే ఉంది. ఊరంతటికీ నాగళ్లు చెక్కే వడ్రంగి ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. కమ్మరి ఇల్లూ అంతే. కాబట్టి పని పేరు చెబితే చాలు, మనిషి దొరికిపోతాడు. అదే మా సిరిసిల్ల సంగతి చూడండి. వీధులకు వీధులే నేతవాళ్లవి. అందరికీ నేత పేరే ఇంటిపేరైతే పోస్టుమ్యాన్ గతేం కాను! అందుకే ఇక్కడి నేత కుటుంబాల్లో వేముల, గాజుల, చిలుక, ఏనుగుల వంటి ఇంటిపేర్లు వినిపిస్తాయి. ఊళ్లు, వస్తువులు, పక్షులు, జంతువులు... మగ్గం మాత్రం ఎక్కడా కనిపించదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి 2022లో అందరి నోళ్లలో పడిన సిరిసిల్ల నేతన్న ఇంటిపేరేమిటో తెలుసా? నల్ల! నల్ల విజయ్, ఆయన తండ్రి నల్ల పరంధాములు... ఇద్దరి పేర్లలోనూ నేత ఊసే లేదు.

ఫ్రాన్సులోనూ కమ్మరే!

జగిత్యాల కోట చూశారా? నక్షత్రం ఆకారంలో ఉంటుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టారని చెబుతారు. జాక్, టాల్ అనే ఇద్దరి పేర్ల మీదే జగిత్యాల అయిందని ఊళ్లో ఒక కథ కూడా ఉంది. కథ నిజమో కాదో గానీ, ఫ్రెంచివాళ్ల ఇంటిపేర్లలోకి తొంగిచూస్తే మాత్రం మన ఊరే కనిపిస్తుంది.

ఉత్తర ఫ్రాన్సులో 'లెఫేవ్ర్' అనే ఇంటిపేరు బాగా ఎక్కువ. అర్థం ఏమిటంటారా? కమ్మరి! లాటిన్ భాషలో పనివాణ్ణి 'ఫాబెర్' అంటారు. అందులోంచి పాత ఫ్రెంచిలో 'ఫేవ్ర్' వచ్చింది. దక్షిణాన అదే 'ఫాబ్ర్' అయింది. ఇంగ్లీషువాళ్ల స్మిత్, జర్మన్ల ష్మిట్, అరబ్బుల హద్దాద్... అందరూ కమ్మరి బిడ్డలే! ఊరికో కొలిమి ఉండేది, ఆ కొలిమి దగ్గర ఒక ఇల్లుండేది. అందుకే ఇన్ని దేశాల్లో ఇంతమందికి ఆ పేరు. పొలం దున్నేవాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువే అయినా, అందరూ చేసే పని ఎవరికి గుర్తు?

ఇంకో చిత్రం. ఈ పేరును రకరకాలుగా రాస్తారు. లాటిన్ మూలం గుర్తుండాలని రాతగాళ్లు మధ్యలో పలకని 'బి' అక్షరం ఒకటి ఇరికించారు. ఆ రోజుల్లో 'యు', 'వి' ఒకేలా రాసేవారు. దాంతో కొందరు ఆ పేరును 'లెఫెబ్యూర్' అని చదివారు. అదీ ఒక ఇంటిపేరై కూర్చుంది! అంటే కోరుట్ల సారుకు అక్కడా అన్నదమ్ములున్నారన్నమాట. ఇప్పటి ఫ్రెంచిలో కమ్మరిని 'ఫోర్జెరాన్' అంటారు. పాత మాట వాడుకలోంచి పోయింది, ఇంటిపేరులో మాత్రం మిగిలింది. అందుకే లెఫేవ్ర్ అంటే అక్కడ ఎవరూ ఇనుము పని అడగరు.

మరి మనకెందుకు నవ్వులాట?

పని పేరు మనదగ్గర కులం పేరు కూడా కాబట్టి! దేశ్‌ముఖ్, దేశ్‌పాండే కూడా ఒకప్పటి కొలువుల పేర్లే. ఆ కొలువులు ఎప్పుడో పోయాయి. అయినా ఆ పేర్లు పిలిస్తే ఎవరూ నవ్వరు. చాకలి, కమ్మరి, అవుసుల అంటే మాత్రం వెనక బెంచీ నవ్వుతుంది.

పాలకుర్తి ఐలమ్మను తలుచుకోండి. ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకం పిలిచింది చాకలి ఐలమ్మ అని. 1940లలో తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ పరం కానివ్వకుండా ఎదురు నిలిచింది. 1985లో ఆమె కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరే పెట్టారు. చులకన చేయడానికి వాడిన మాటే పట్టాల మీద గౌరవంగా అచ్చయింది. మాటలో తక్కువేం లేదు, ఉంటే పిలిచేవాళ్ల గొంతులోనే ఉంది.

కాగితాలు చూసుకున్నారా?

మన ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. నేను పుట్టింట్లో 'వడ్ల', అత్తింట్లో 'అవుసుల'. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి రేషన్ కార్డులో పేరు మారిపోయింది! ఫ్రాన్సులో 1794 నాటి చట్టం ప్రకారం పుట్టినప్పుడు రాసిన పేరే మనిషి అసలు పేరు. పెళ్లయ్యాక భర్త పేరు వాడుకోవచ్చు, అంతే. అసలు పేరు చెరిగిపోదు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్లూ... పెట్టెలోని కాగితాలన్నీ ఒకసారి బయటకు తీయండి. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాసుబుక్కు, పీఎఫ్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మీవే కాదు, మీ అమ్మవీ అత్తవీ కూడా. తేడా ఉంటే అవసరం పడకముందే సరిచేయించండి. పేరే మార్చుకోవాలనుకుంటే నోటరీ అఫిడవిట్, పత్రికలో ప్రకటన, ఆపైన గెజిట్... ఇదీ వరస. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు "ఏదో ఒకటి రాయండి సార్" అనకండి. ఆ 'ఏదో ఒకటి' జన్మంతా వెంట వస్తుంది!

అవ్వ పని చివరికి అయింది. పీఎఫ్ కార్డులో పేరు సరిచేయమని అవ్వ, పని ఇచ్చిన కంపెనీ ఇద్దరూ సంతకాలు పెట్టిన జాయింట్ డిక్లరేషన్ ఇచ్చాం. నాలుగు నెలలకు డబ్బులు ఖాతాలో పడ్డాయి. ఆ రోజు మా అమ్మాయి కూడా కోరుట్లలోనే ఉంది. అమ్మమ్మ చేతిలోంచి కాగితం తీసుకుని 'కట్టోజు' అని పైకి చదివింది.

"ఓజు అంటే ఏంటమ్మమ్మా?"

"ఒజ్జ బిడ్డా. పని నేర్పే గురువు. మీ తాత దగ్గర ఎంతమంది బాడిసె పట్టుడు నేర్చుకున్నరో!"

ఊరు పిలిచిన పేరులో పని ఒక్కటే ఉంది. ఇంట్లో పిలుచుకున్న పేరులో ఆ పని గొప్పతనం కూడా ఉంది. అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు.

"మరి పేరు మార్పించమంటావా?" అని నేనే అడిగాను.

"ఆగమ్మా. ముందు అవుసుల పని ఎట్లుంటదో నాన్ననడగాలె" అంది.

ఉంచుకుంటుందో, మార్చుకుంటుందో దాని ఇష్టం. ఏదైనా తెలిసి చేస్తే చాలు!