పానకముతో పాట

బెంగళూరు చామరాజపేటలో 1939లో ఎస్.వి. నారాయణస్వామిరావు గారు స్థాపించిన శ్రీరామసేవా మండలి నడపు శ్రీరామనవమి సంగీతోత్సవమునకు పోయి, ఫోర్ట్ హైస్కూలు మైదానపు పందిరిలో కొన్ని చైత్ర సాయంకాలములు గడపి వచ్చిన నా మనసున నిలిచినది ఏ ఒక్క విద్వాంసుని గానమో కాదు. పాటను, పానకమును వేరుచేయని ఆ ఊరి సంప్రదాయము. మిరియాలును ఏలకులును దంచి వేసిన బెల్లపు పానకము, నానిన పెసరపప్పున కొబ్బరికోరును దోసతురుమును కలిపి ఆవపోపు పెట్టిన కోసంబరి, నీరుమజ్జిగ, ఈ చలువ పదార్థములను సేవించి కచేరీకి కూర్చుండుట అచ్చటివారికి అలవాటు. ఇంటిభాష ఎవరికి కన్నడమో, ఎవరికి తమిళమో గాని, త్యాగరాజస్వామివారి తెలుగు పలుకు వేదికపైనుండి వినవచ్చినంతనే ఎన్నో తలలు ఒక్కమారు ఊగును. అప్పుడు తెలుగువాని హృదయము ఉప్పొంగుటతోపాటు కించిత్తు నొచ్చుకొనుటయు సహజము.

మా విశాఖకు తిరుగుప్రయాణమున ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సు గుంతకల్లు, నంద్యాల, బెజవాడల మీదుగా వచ్చి గోదావరిని దాటి అనకాపల్లి చేరినప్పుడు ఆ నొప్పికి కారణము స్పష్టమైనది. దేశమున పేరెన్నికగన్న బెల్లపుబజారు మన ముంగిటనే యున్నది. పానకము మనకు ఎన్నడును కొరతపడలేదు. కొరతపడినది పాట. దువ్వాడ సమీపించుచుండగా ఉక్కు కర్మాగారపు పొగగొట్టములు కనుపించినవి. 1966లో జనులు ప్రాణములొడ్డి పోరాడగా, 1971లో శంకుస్థాపన జరిగి, పిదప రెండు దశాబ్దములకు, 1992లో జాతికి అంకితమైన కర్మాగారమది. ఉక్కుకై అంతటి దీక్షబూనిన నగరమునకు ఒక సంగీతపు పందిరిని నిలుపుకొనుట అసాధ్యమా?

మన నవమి పందిళ్ళు తక్కువవి కావు. తాటాకుల నీడ, సీతారామకల్యాణము, పచ్చిమామిడి తురుము కలిపిన వడపప్పు, అన్నియు ఉన్నవి. కాని తెలుగు హరికథకు పుట్టినిల్లయిన ఉత్తరాంధ్రమున, ఆదిభట్ల నారాయణదాసుగారు చిడతలు పట్టి గజ్జె కట్టిన సీమలో, నేడు వీధివీధినా ధ్వనివర్ధకములు సినిమాపాటలను మ్రోగించుచున్నవి. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

మనము మరచినది హరికథ నొక్కటే కాదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో బెంగళూరున జన్మించి, విశాఖలో పెరిగి, 1919లో విజయనగరపు మహారాజావారి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులై, 1936లో దానికి ప్రిన్సిపాలైరి. అప్పటివరకు నారాయణదాసుగారే ఆ పదవిలో ఉండిరి. బెంగళూరున పుట్టిన శిశువు ఈ సముద్రతీరమున పెరిగి ఆంధ్రుల వాద్యమునకు అంతటి కీర్తి తెచ్చినాడన్న సంగతి నవమి పందిళ్ళు వేయు మన యువకులలో ఎందరికి తెలియును?

ఆ కళాశాల విశాఖకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నేటికిని విద్యార్థులను తీర్చిదిద్దుచున్నది. రాబోవు నవమికి మా వీధి పందిరివారిని నేను కోరబోవునది ఇదియే: నాయనలారా, కల్యాణము ముగిసి పానకము పంచువేళ ధ్వనివర్ధకమును ఒక్క గంట ఆపి, ఆ పిల్లలలో ముగ్గురిని, గాత్రమునకు ఒకరిని, వయొలినుకు ఒకరిని, మృదంగమునకు ఒకరిని, పిలిపించి కూర్చుండబెట్టుడు, వారి రానుపోను ఖర్చును, పానకపు బెల్లమును నేను భరించెదను, చాపలు పరచుటకు తెల్లవారకమునుపే వచ్చెదను.