నోటిపూత వేడి వల్లనేనా?

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. ఆ నోరే పూసి రెండు మెతుకులు మింగడం గగనమైతే మంచి మాట ఎక్కడినుంచి వస్తుంది? నోరు పూసిందనగానే మన ఇళ్ళలో ‘వేడి చేసింది’ అంటాం. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బి-కాంప్లెక్స్ మాత్రలతో చాలామందికి వారం పదిరోజుల్లో తగ్గిపోతుంది కూడా. తగ్గనిదాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

మా అక్కయ్యకు ఆరు నెలలైనా తగ్గలేదు. ఆవకాయ మాట అటుంచి చారన్నం కూడా మంటే. బుగ్గల లోపల లేసు అల్లినట్టు తెల్లని గీతలు. అఫ్జల్‌గంజ్‌లో 1959లో వెలసిన ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు తీసుకువెళ్ళాను. అక్కడ పళ్ళకే గాని నోటిపొరకు వైద్యం ఉండదని అనుకుంటారు చాలామంది. ఉంటుంది. గీతలు చూసి డాక్టరుగారు మొదట అడిగింది, “ఏయే మాత్రలు వాడుతున్నారమ్మా?” అని. అక్కయ్యకు రక్తపోటు మాత్ర ఒకటి, థైరాయిడ్ మాత్ర ఒకటి.

ఈ జబ్బు పేరు లైకెన్ ప్లానస్. 1869లో ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పెట్టిన పేరు. అంటుకునేది కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షక కణాలే నోటిపొర మీద తిరగబడతాయి. నడివయసు స్త్రీలలో ఎక్కువ. కొన్ని రక్తపోటు మాత్రలు, నొప్పుల మాత్రలు కూడా అచ్చం ఇటువంటి గీతలనే తెప్పిస్తాయి. ఇక థైరాయిడ్ సంగతి. హాషిమోటో జబ్బులో ఆ గ్రంథిని దెబ్బతీసేదీ రక్షక కణాలే. ఈ నోటి జబ్బున్నవారిలో థైరాయిడ్ లోపాలు ఎక్కువగా కనిపించాయని 2010లో ఫిన్లాండు వైద్యులు ప్రచురించారు. అంతమాత్రాన ఒకదానికి రెండోది కారణమని కాదు. రెండూ ఒకే తాను ముక్కలు కావచ్చు.

మాత్రల మాట చెవిన పడిందే తడవుగా అక్కయ్య రక్తపోటు మాత్ర మానేసింది! నాలుగోనాడు వంటింట్లో తల తిరిగి గోడ పట్టుకుని కూలబడింది. చూపిస్తే రక్తపోటు 180. మందు మార్చవలసింది రాసిన డాక్టరే గాని మనం కాదు. ఆయన వేరే మాత్ర రాశారు. దంతవైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షించి, పైపూత మందిచ్చారు. మంట తగ్గింది, గీతలు మిగిలాయి. నూటికి ఒకరిలో ఏళ్ళమీద ఇది క్యాన్సరుగా మారవచ్చు కనుక అప్పుడప్పుడు చూపించుకోక తప్పదు.

రెండు మూడు వారాలు దాటినా మానని నోటిపూతను వేడి అని సరిపెట్టుకోకండి. వాడే మాత్రలన్నీ, థైరాయిడ్ మాత్రతో సహా, ఒక చీటీమీద రాసుకుని మరీ వెళ్ళండి.